రక్తం గడ్డకట్టనివ్వని మాత్రలు – వంటింటి మందులు

పత్తి తీసే కూలీ వేలికి ఎండిన కాయ మొన గుచ్చుకుంటుంది. కొంగుతో అదిమిపట్టిన కొద్ది నిమిషాలకు నెత్తురు ఆగిపోతుంది. ఈ కాస్త సమయంలో శరీరం రెండు పనులు చేస్తున్నది. తెగిన సూక్ష్మనాళం ముడుచుకొనగానే రక్తఫలకికలు, అనగా డెంగీ రోజులలో అందరి నోటా వినిపించే ప్లేట్‌లెట్లు, గాయానికి అంటుకొని చిన్న బిరడాగా ఏర్పడతాయి. ఆ వెనుక, కాలేయంలో తయారైన ప్రోటీన్లు ఒకదాని తరువాత ఒకటి చైతన్యం పొంది, ఫైబ్రిన్ అనే దారాలను అల్లి ఆ బిరడాను బిగిస్తాయి.

రక్తస్రావాన్ని ఆపే ఉపాయాలను సుశ్రుతాచార్యులు సంధానం, స్కందనం, పాచనం, దహనం అని నాలుగుగా విభజించారు. చల్లదనంతో రక్తం పేరుకొనేటట్లు చేయడం స్కందనం. గాయం వద్ద మేలు చేసే ఈ పేరుకొనడమే గుండెలో అమర్చిన కృత్రిమ కవాటం మీద జరిగితే ప్రాణానికి ముప్పు. అందుకే ఆ మాత్రలు.

వీటిని రక్తం పలుచన చేసే మాత్రలంటారు. నీళ్లు పోసిన మజ్జిగలా రక్తం పలుచబడదు. ఆస్పిరిన్ ప్లేట్‌లెట్ల సంఖ్యను తగ్గించదు. గుమిగూడే గుణాన్ని తగ్గిస్తుంది. దాని ప్రభావానికి లోనైన ప్లేట్‌లెట్ తన ఆయువైన వారం, పది రోజులూ తిరిగి కోలుకొనదు. వార్ఫరిన్ మార్గం వేరు. అది కాలేయంలో విటమిన్ కె పనిని అడ్డగిస్తుంది. రక్తంలో అప్పటికే ఉన్న ప్రోటీన్లు ఖర్చు కావాలి గనుక పూర్తి ఫలితానికి కొన్ని రోజులు పడుతుంది.

ఈ వార్ఫరిన్ 1948లో అమెరికాలో ఎలుకల మందుగా వచ్చి, 1954లో మనుషులకు ఔషధమైనది. మన చేలగట్ల మీద నూకలలో కలిపి పెట్టే బ్రోమోడయోలోన్ ఆ కుటుంబానిదే. బలం మరింత ఎక్కువ, ప్రభావం వారాల తరబడి ఉంటుంది. పిల్లవాడు దానిని తింటే మొదటి ఒకటి రెండు రోజులు ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. బాగానే ఉన్నాడని ఊరుకొనరాదు. ప్యాకెట్టుతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

ఇక గృహిణులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న: “అయ్యగారూ, మా అత్తగారు గుండె మాత్ర వేసుకుంటున్నారు, వెల్లుల్లి పెట్టవచ్చునా?” వంటలో పడే వెల్లుల్లికి, దుగ్గిరాల పసుపుకు భయపడనక్కరలేదు. అవే పచ్చి వెల్లుల్లి గుప్పెడు, పసుపు చెంచాలకొద్దీ, రోజూ అల్లపు రసం అంటూ మందు మోతాదులో మొదలుపెడితే రక్తస్రావం పెరిగే అవకాశం ఉన్నది. మునగాకు, పాలకూర, తోటకూరలలో విటమిన్ కె అధికం. ఉన్నట్టుండి రోజూ తినసాగితే వార్ఫరిన్ పని తగ్గుతుంది. మానవద్దు, ఎప్పుడూ తినేటంతే తినండి. మిరపకోతల నడుము నొప్పికి అంగడిలో కొనే నొప్పి బిళ్లలు ఈ కషాయాలకన్నా ప్రమాదకరం.

నేను గురుకులంలో చదివిన ఆయుర్వేద వైద్యుడనే. అయినా కవాటం మార్పించుకొన్నవారికి వార్ఫరిన్ మాన్పించి కషాయం ఇమ్మంటే ఇవ్వను. దాని స్థానంలో ఇవ్వదగిన కషాయం నాకు తెలిసిన శాస్త్రంలో లేదు. ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష సాధారణంగా 2–3 మధ్య ఉండాలి. కొన్ని కవాటాలకు మరికొంత ఎక్కువ కావలసి ఉంటుంది. అది గుండె వైద్యుడు నిర్ణయిస్తాడు.

చిగుళ్ల నుండి నెత్తురు, కారణం లేని కమిలిన మచ్చలు, తారువంటి నల్లని విరేచనం కనిపిస్తే ఆనాడే వైద్యునికి చూపించాలి. తలకు దెబ్బ తగిలితే, పైకి గాయం లేకపోయినా, తెల్లవారేదాకా ఆగవద్దు. మాత్రల అట్ట కూడా వెంట ఉండాలి.