2014: మెట్‌పల్లి నుంచి చూస్తే

గ్రూప్స్ పరీక్షలకు చదివేవారు 2014ను రాష్ట్రం ఏర్పడిన జూన్ 2తో సరిపెట్టుకోవద్దు. తెలంగాణ బిల్లు నడక ముఖ్యం. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ ఆమోదించాయి. మార్చి 1న రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ సంతకం చేశారు. ఏప్రిల్ 30 పోలింగ్‌లో 119 శాసనసభ స్థానాలకు టీఆర్ఎస్ 63 గెలిచింది. తెలంగాణ 29వ రాష్ట్రమైంది.

తికమక పెట్టేది మన ఊరి సంగతే. అప్పుడు మెట్‌పల్లిది కరీంనగర్ జిల్లా, కానీ ఓటు నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి. అక్కడ గెలిచింది కల్వకుంట్ల కవిత. జగిత్యాల జిల్లా ఏర్పడింది 2016 అక్టోబర్ 11న. 2014 ప్రశ్నకు ఆ పేరు రాస్తే మార్కు పోయినట్టే. మెట్‌పల్లి పేరుతో శాసనసభ స్థానం కూడా అప్పటికి లేదు, నియోజకవర్గాల పునర్విభజనలో కోరుట్లలో కలిసింది. ఆ పాత స్థానం నుంచి 1985, 1989, 1994లో నెగ్గిన చెన్నమనేని విద్యాసాగర్‌రావు 2014 ఆగస్టు 30న మహారాష్ట్ర గవర్నర్ అయ్యారు. ఈ ప్రాంతం గర్వంగా చెప్పుకోవాల్సిన మాట ఇది.

ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే. ఇంట్లో లేకపోతే లెక్కలోకి రామేమోనని ముంబై, భివండీల నుంచి జనం బస్సుల్లో నిలబడి మరీ సొంతూళ్లకు వచ్చారు.

క్రీడల్లో గ్లాస్గో కామన్‌వెల్త్ బ్యాడ్మింటన్ స్వర్ణం పారుపల్లి కశ్యప్‌ది; 1982లో సయ్యద్ మోదీ తర్వాత పురుషుల సింగిల్స్‌లో భారత్‌కు అదే మొదటిది. సానియా మీర్జా యూఎస్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచింది. నిజామాబాద్ జిల్లా పాకాల గిరిజన బాలిక, గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమె వయసు 13 ఏళ్ల 11 నెలలు.