కారా, విమానమా?

దూరప్రయాణం అనగానే విమానం టిక్కెట్టు ధర, పెట్రోలు ఖర్చు పక్కపక్కన పెట్టి తేల్చేయడం మనవాళ్ళకు అలవాటు. నా ఉద్దేశంలో అది సగం లెక్కే. ఇంటి గడప నుంచి అవతలి గడప దాకా కొలవాలి.

హైదరాబాదు–బెంగుళూరు తీసుకుందాం. రోడ్డు సుమారు 570 కిలోమీటర్లు. విమానం గాలిలో ఉండేది గంటంపావు. కాని 2008లో రెండు నగరాల విమానాశ్రయాలూ ఊరి బయటకు, శంషాబాదుకూ దేవనహళ్ళికీ తరలిపోయాయి. తమాషా ఏమిటంటే రెండూ 44వ జాతీయ రహదారి చెంతనే ఉన్నాయి! అంటే విమానం ఎక్కేవాడికీ ఆ దారి మొదలూ చివరా రోడ్డే గతి. శంషాబాదు చేరడానికి గంట, అక్కడ కాచుకోవడం రెండు గంటలు, దిగి పెట్టె అందుకోవడానికి అరగంట, ఊళ్ళోకి గంటన్నర. మొత్తం ఆరు గంటలు దాటింది. కారులో, భోజనం టీలతో సహా, పది. మిగిలేది నాలుగు గంటల లోపే.

డబ్బు సంగతంటారా, కారు ఖర్చును తలలతో భాగించాలి, విమానం ఖర్చును గుణించాలి. లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే బండికి 38 లీటర్లు కావాలి. లీటరు 110 రూపాయలు వేసుకున్నా 4,180, టోలు అదనం. (టైర్ల అరుగుదల ఎవరూ లెక్కలో వేయరు. వేస్తే బండిగలాయనకు నిద్రపట్టదు.) నలుగురెక్కితే కారే చవక.

అయితే ఆ నలుగురిలో లైసెన్సు ఎందరికుంది? ఒక్కడికే ఉండి, వాడు పగలు పరీక్ష రాసి రాత్రి పదింటికి బయలుదేరాడనుకోండి. అనంతపురం చేరేసరికి తెల్లవారుజాము నాలుగు. ఎంతటివాడికైనా నిద్ర ముంచుకొచ్చే వేళ. అద్దం దించినా, పాటలు పెట్టినా ఆగదు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లు రెప్ప వాలిందా, బండి 83 మీటర్లు తనంతట తాను పోతుంది. అలాంటప్పుడు కర్నూలులో ఆగి పడుకోమంటాను. లేదా కాచిగూడలో రాత్రి రైలెక్కమంటాను.