ఆకాశంలో నేల

ఆకాశానికి శబ్దమే గుణమని మన తార్కికులు చెప్పారు. అయితే ఆకాశంలో పోయే విమానం నుండి మాట బయలుదేరి దూరం సాగాలంటే దానికి ఒక నేల కావాలి. ఇది విచిత్రంగా తోచినా సత్యం.

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటింది. ఉద్దానపు కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగాయి. విద్యుత్ స్తంభాలు కూలాయి. ఇటువంటి విపత్తు ముంచుకు రాకముందే సముద్రంపై ఉన్న మత్స్యకారులను వెనుకకు పిలవాలి. అందుకు తీర రక్షక దళం డోర్నియర్ వంటి చిన్న విమానాలను పంపి రేడియోలో హెచ్చరికలు చేయిస్తుంది. ఆ పిలుపునకు ఆధారం విమానం ఒంటిపై నిలిచిన యాంటెన్నా.

1895లో ఇటలీలో మార్కోనీ తన యంత్రపు తీగను ఒక కొస ఎత్తున నిలిపి, రెండవ కొస భూమికి కలిపినప్పుడు సంకేతాలు మునుపటికంటె చాలా దూరం సాగాయి. నిలువు కడ్డీ సగం పనే చేస్తుంది. మిగిలిన సగం నేలది. మరి ఎగిరే విమానానికి నేల ఏది? దాని లోహపు తొడుగే.

విమానాల వి.హెచ్.ఎఫ్. సంభాషణ 118 నుండి 137 మెగాహెర్ట్జ్ వరకు గల పరిధిలో జరుగుతుంది. 300ని మెగాహెర్ట్జ్ సంఖ్యతో భాగిస్తే తరంగపు పొడవు మీటర్లలో వస్తుంది. అందులో నాలుగవ వంతు కడ్డీ పొడవు. 127 మెగాహెర్ట్జ్‌కు అది సుమారు 59 సెంటీమీటర్లు, అంటే మూరకు కొంచెం ఎక్కువ.

కడ్డీని బిగించేచోట రంగును గీకివేసి, లోహం లోహాన్ని తాకేటట్లు చేస్తారు. రేడియో నుండి వచ్చే తీగపై అల్లిన లోహపు కవచాన్ని కూడా ఆ తొడుగుకే కలుపుతారు. పిమ్మట తేమ చొరకుండా అంచులు మూసివేస్తారు. విమానపు తొడుగు గుడ్డతోగాని, ఫైబరుతోగాని చేసినదైతే, కడ్డీ అడుగు నుండి రాగి రేకులను బండిచక్రపు ఆకులవలె లోపల పరచి నేలను కల్పిస్తారు. రంగుపొర అడ్డుపడినా, చిలుము పట్టినా మాటలో గరగర పుడుతుంది. మాట చేరే దూరం తగ్గుతుంది.

ఉద్దానం తీరపు ఫైబరు పడవలకూ ఇదే సూత్రం. నౌకల 16వ చానలు 156.8 మెగాహెర్ట్జ్‌పై ఉంటుంది. దానికి నాలుగవ వంతు కడ్డీ సుమారు 48 సెంటీమీటర్లు. ఫైబరు పడవపై అటువంటి కడ్డీ నిలిపితే దాని అడుగున లోహపు రేకు ఉండాలి. ఉప్పుగాలికి అతుకులు చెడకుండా తరచు చూచుకోవాలి.

నిలిచిన కడ్డీ అందరికీ కనిపిస్తుంది. దాని కింద శుభ్రం చేసిన చిన్న జాగాను చూసేది బిగించినవాడొక్కడే. తుఫాను ముందటి సాయంత్రం పిలుపు పడవను చేరుతుందా, లేదా అన్నది ఆ కనిపించని జాగాపై కూడా ఆధారపడి ఉంటుంది.

ప్రశ్నలు
1. ఎగిరే విమానంలో నేల పని ఏది చేస్తుంది?
2. కడ్డీ బిగించేచోట రంగును ఎందుకు గీకివేస్తారు?