మేతబీడు - మంద - పంచాయతి

అనంతపురం పీఠభూమికి వాన వచ్చుటకు రెండు దారులు కలవు. రెండును దూరపు దారులే. నైరుతి మేఘములు పడమటి కనుమలపై కురిసి, తేలికపడి వచ్చును. ఈశాన్య మేఘములు తూర్పు తీరము నుండి ఇంత దూరము చేరుసరికి సన్నగిల్లును. కావుననే ఇచ్చట ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియును. 1876-78 నాటి ధాతు కరవు ఈ సీమను ఎంతగా పీడించినదో పెద్దలు చెప్పగా విన్నారము. పైరు పోయిన రైతు మరుసటి వానకు మరల విత్తగలడు. మేత లేక పాడియావును సంతలో తెగనమ్మిన రైతు దానిని మరల కొనుట మిక్కిలి కష్టము.

ఆ కష్టమును కొంత తప్పించు సాధనము ఊరి మేతబీడు. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతిరాజ్ చట్టము, ప్రభుత్వమునకు ప్రత్యేకముగా అవసరము లేని మేత పోరంబోకులను నిబంధనలకు లోబడి గ్రామ పంచాయతికి దఖలుపరచినది. అధికారముతో పాటు బాధ్యతయు సంక్రమించినది.

గడ్డిని తూచుట

వానలు ముగిసిన పిదప బీడులో మీటరు పొడవు, మీటరు వెడల్పు గల చదరము గీచి, అందలి గడ్డిని కోసి, ఎండబెట్టి తూచవలెను. దట్టమైన చోటను, పలుచని చోటను కలిపి పది తావులలో తూచి సగటు కట్టవలెను. చదరమునకు 100 గ్రాములు తేలినదనుకొందము. ఎకరాకు అది సుమారు 400 కిలోలగును. అందు సగము పశువునకు, సగము నేలకు. నేలకు విడిచిన సగమే వేరునకు బలము, మట్టికి కప్పు, మరుసటి ఏటికి విత్తనము. 300 కిలోల ఆవునకు రోజుకు సుమారు 8 కిలోల ఎండుమేత కావలెను. కాన ఎకరము ఒక ఆవునకు 25 దినములు వచ్చును. నూరెకరముల బీడు నూరు ఆవులకు 25 దినములే; పది ఆవులకైనచో 250 దినములు.

మందను త్రిప్పుట

బీడును నాలుగు భాగములు చేయుడు. తొలకరి చిగురు వేరులో దాచుకొన్న శక్తితో పుట్టును. ఆకు విచ్చి ఎండ సోకిన పిదపనే ఆ అప్పు తీరును. చిగురులోనే మేపినచో వేరు నీరసించి, మంచి గడ్డి నశించి, పశువు ముట్టని కలుపు మిగులును. గడ్డి జానెడు దాటువరకు మందను తోలరాదు. ఏటేట ఒక భాగమునకు విత్తనము రాలువరకు విశ్రాంతి నీయవలెను. గొఱ్ఱె నేలకంట కొఱుకును గనుక ఆవులు మేసిన పిదప గొఱ్ఱెలను విడిచి, త్వరగా మరల్పవలెను. ఉప్పుగడ్డను నీటితొట్టికి దూరముగా నుంచినచో మంద ఒకేచోట త్రొక్కక బీడంతయు మేయును.

కట్టుబాటు

బీడును మూసినప్పుడు ముందుగా నష్టపడువారు రెండు మేకలు గల భూమిలేని పేదలు. వారికి మూసిన భాగమునుండి గడ్డి కోసికొనిపోవు హక్కు నీయవలెను. కాపరులను, కాపుదనపు స్త్రీలను, పొరుగూరి గొఱ్ఱెలవారిని సభకు పిలిచి తీర్మానింపవలెను. బందెలదొడ్డి చివరి మాట కావలెను గాని, మొదటి మాట కారాదు.

ఇది జరుగని పని కాదు. పూర్వము అనంతపురం జిల్లాలో ఉండి, 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన చెన్నేకొత్తపల్లి ప్రాంతమున, 1990లో ఆరంభమైన టింబక్టు కలెక్టివ్ తోడ్పాటుతో గ్రామస్థులు బోడిగుట్టలకు కాపలా పెట్టి, నిప్పంటకుండ కాచిరి. నేడది కల్పవల్లియను పేర గడ్డియు, చెట్లును గల వేలాది ఎకరముల ఉమ్మడి అడవి. అచ్చట మొదట నాటినది చెట్టు కాదు, కట్టుబాటు.

సభ్యులారా! రాబోవు గ్రామసభలో ఒక త్రాసును, ఒక కొడవలిని ముందుంచుకొని బీడును గూర్చి మాటలాడుడు. మంద ఎంతయో అందరికిని తెలియును. గడ్డి ఎంతయో తెలిసికొనుటయే మిగిలినది.