కంప్యూటరు మేల్కొలుపు: కొత్త డిస్కుకు దారి

మన ఇళ్ళలోని పాత కంప్యూటరులో పిల్లల అన్నప్రాశన ఫోటోలు, పెద్దల గొంతులు, పెళ్ళి వీడియోలు భద్రంగా ఉంటాయి. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. అటువంటి యంత్రాలను పారవేయక లినక్స్ వేసుకొన్నవారు, అరిగిన డిస్కు స్థానంలో కొత్తది అమర్చబోయినప్పుడు ఒక చిక్కు ఎదురవుతుంది. ఫైళ్ళన్నీ కొత్త డిస్కులోకి చేర్చినా, యంత్రం మాత్రం పాత డిస్కునుండే మేల్కొంటుంది. దీనికి కారణమేమిటి?

మీట నొక్కగానే మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్ ముందుగా లేచి, బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రామును పిలుస్తుంది. అది కెర్నెల్‌ను జ్ఞాపకంలోకి ఎక్కించి, ‘నీ మూల డిస్కు ఫలానా’ అని ఒక వాక్యంలో చెబుతుంది. కెర్నెల్ ఆ మాటనే నమ్ముతుంది. కనుక ఫైళ్ళను మార్చితే చాలదు, ఆ వాక్యాన్ని కూడా మార్చాలి.

ఆ వాక్యంలో డిస్కును ఎలా పేర్కొనాలన్నదే అసలు కీలకం. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లు కెర్నెల్‌కు డిస్కులు కనబడిన వరుసనుబట్టి వస్తాయి. ‘వీధిలో మూడో ఇల్లు’ అని చిరునామా చెప్పడం వంటిదిది. మధ్యలో మరో ఇల్లు లేచిందంటే ఉత్తరం పక్కింటికి పోతుంది. ఇంటిపేరు చెబితే ఆ చిక్కు లేదు. అటువంటి ఇంటిపేరే యూయూఐడీ. ఇది 128 బిట్ల సంఖ్య. దీనిని షోడశాంశ పద్ధతిలో 32 అంకెలుగా వ్రాస్తారు.

ఇక ఆచరణ. ‘బీఎల్‌కేఐడీ’ ఆదేశంతో కొత్త డిస్కు యూయూఐడీని తెలిసికొని, ఆ డిస్కులోని ఎఫ్‌స్టాబ్ ఫైలులో వ్రాయాలి. యంత్రాన్ని తిరిగి ఆరంభించి, గ్రబ్ పట్టికలో ‘ఈ’ అక్షరం నొక్కి, ‘లినక్స్’ అని మొదలయ్యే వరుసలో ‘రూట్’ విలువను మార్చి, కంట్రోల్-ఎక్స్ నొక్కాలి. ఈ మార్పు ఆ ఒక్కసారికే వర్తిస్తుంది. పొరపడినా మళ్ళీ ఆరంభిస్తే పూర్వస్థితే. ‘డీఎఫ్’ ఆదేశం కొత్త డిస్కును చూపితే, డెబియన్, ఉబుంటులలో ‘గ్రబ్-ఇన్‌స్టాల్’తో బూట్‌లోడర్‌ను కొత్త డిస్కులో స్థాపించి, ‘అప్‌డేట్-గ్రబ్’తో మార్పును స్థిరపరచాలి. యూఈఎఫ్‌ఐ యంత్రమైతే కొత్త డిస్కులో ఈఎఫ్‌ఐ విభాగం కూడా ఉండాలి.

ఒక హెచ్చరిక. ‘డీడీ’ ఆదేశంతో డిస్కును యథాతథంగా నకలు తీస్తే యూయూఐడీ కూడా నకలవుతుంది. కవలలిద్దరికీ ఒకే పేరు పెట్టినట్లు, పిలిస్తే ఎవరు పలుకుతారో చెప్పలేము. కొత్త డిస్కును విడిగా ఫార్మాట్ చేసి ఫైళ్ళను చేర్చుకొనడమే క్షేమం.

మన కెనడాలోనే, కాల్గరీ కేంద్రంగా 1995లో థియో డి రాట్ ఆరంభించిన ఓపెన్‌బీఎస్‌డీ కూడా ఈ సమస్యకు ఇటువంటి పరిష్కారాన్నే ఎంచుకొన్నది. అందులో ప్రతి డిస్కుకు 16 షోడశాంశ అంకెల గుర్తింపు కలదు. బూట్ సమయంలో ‘బూట్ -ఏ’ అని వ్రాస్తే, మూల డిస్కు ఏదని కెర్నెలే మనలను అడుగుతుంది.

పని పూర్తయిన తరువాత పాత డిస్కును విప్పి, అది లేకుండా యంత్రం లేచునో లేదో పరీక్షించండి. లేచినా, కొన్ని వారాలపాటు దానిని చెరపకుండా దాచండి. యంత్రాన్ని మరల కొనవచ్చును. అందులోని తాతగారి గొంతును కొనలేము.