అపోలో ఫిష్‌లో ఎన్ని క్యాలరీలు?

కాకినాడ

అమ్మడూ,

అపోలో ఫిష్‌కు ఫోన్‌లో ఒకచోట 150 క్యాలరీలనీ, ఇంకోచోట 400 అనీ చూపిస్తోందని, ఏది రాసుకోవాలో తోచడం లేదని రాశావు. రెండూ రాసుకోకు. ఆ అంకెలు వేసినవాళ్లు నీ ముందున్న ప్లేటును చూడలేదు, నువ్వు చూస్తున్నావు. ఆసుపత్రిలో డైటీషియన్‌గా ఉన్నన్నాళ్లూ నా దగ్గరికి వచ్చినవాళ్లకు నేను నేర్పిందల్లా చేప వేరు, పూత వేరు, నూనె వేరు, అన్నం వేరు అని ప్లేటును విడదీసి చూడటమే. అందరూ చేప దగ్గర భయపడతారు. లెక్క తప్పేది మాత్రం నూనె దగ్గర.

చేప అంచనా కష్టం కాదు. చందువా, పండుగప్ప, కొరమీను లాంటివి 100 గ్రాముల కండకు సుమారు 100 క్యాలరీలు. వంజరానికి 120 వేసుకో. పీత కండ, రొయ్యలు కూడా 100కు అటూ ఇటూగానే ఉంటాయి. వేళ్లు వదిలేసి నీ అరచేయంత వెడల్పు, అంతే మందం ఉన్న ముక్క, ముల్లు లేకపోతే, దాదాపు 100 గ్రాములు. చేపను మొత్తంగా తందూరీ చేయించుకుంటే బరువెంతో అడుగు, తప్పులేదు. తల, ముల్లు పోగా సగం కండ అనుకో. 400 గ్రాముల చందువాలో నీకు దక్కేది 200 గ్రాములే, అంటే 200 క్యాలరీలు పైచిలుకు. పీతల ఇగురు తిన్నాక ప్లేటు పక్కన పెంకుల గుట్ట చూసి చాలా తిన్నామని బెంగపడతారు గానీ, 300 గ్రాముల పీతలో కండ 100 గ్రాములు వస్తే గొప్ప.

రొయ్యల విషయం మీ మావయ్య పుణ్యమా అని నాకు బాగా తెలుసు. ఆయన చెరువుల దగ్గర పనిచేసినంతకాలం మా ఇంట్లో పొద్దున లేస్తే కౌంటు మాటే. కౌంటంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క. 30 కౌంటు రొయ్య తలతో సహా 33 గ్రాములు ఉంటుంది. తల, పొట్టు తీస్తే సగం, మహా అయితే ఇంకాస్త ఎక్కువ మిగులుతుంది. అలాంటివి పది తింటే 150 క్యాలరీలు. అదే 60 కౌంటువైతే పదింటికీ కలిపి 80 కూడా రావు. అందుకే “పది రొయ్యలు తిన్నాను” అని రాసుకుంటే ఏమీ రాసుకోనట్టే. పొయ్యి మీద రొయ్య ముడుచుకుపోతుంది కాబట్టి కంటికి కనిపించే దానికన్నా అసలు సైజు కాస్త పెద్దదని గుర్తుంచుకో. రొయ్యల్లో కొలెస్ట్రాల్ ఎక్కువన్నది నిజమే. కానీ అది వేరే విషయం, దాన్ని క్యాలరీలతో కలపకు.

ఇక నూనె. మాంసకృత్తులైనా పిండిపదార్థమైనా గ్రాముకు 4 క్యాలరీలు, నూనె గ్రాముకు 9. ఒక పెద్ద చెంచా నూనె 120 క్యాలరీలు, అంటే అరచేయంత చేపముక్కను దాటిపోయింది. హోటల్ వంటమనిషి చెంచాతో పొయ్యడు, గరిటెతో పోస్తాడు. ఆయన్ని తప్పుపట్టలేం. పెద్ద మంట మీద ఉల్లిపాయ త్వరగా వేగాలి, పైన నూనె తేలితేనే కూర కుదిరిందనుకునేవాళ్లు మనలోనే ఉన్నారు.

నీ అపోలో ఫిష్‌నే తీసుకో. ముల్లు లేని కొరమీను ముక్కలు ప్లేటుకు 200 గ్రాములైతే 200 క్యాలరీలు. కార్న్‌ఫ్లోర్, మైదా, గుడ్డు పూత మరో 150. మూకుట్లో వేగేటప్పుడు ఆ పూత పీల్చుకునే నూనె 25 గ్రాములకు తగ్గదు, అది 225. తర్వాత కరివేపాకు, పచ్చిమిర్చి, పెరుగు వేసి మళ్లీ నూనెలో తిప్పుతారు కదా, అదొక 100. మొత్తం 675. ముగ్గురు పంచుకుంటే నీ వాటా 225. చేప తెచ్చింది మూడో వంతు కూడా లేదు చూశావా? వెన్న, వెల్లుల్లితో చేసే రొయ్యలూ ఇంతే. రొయ్యలు 150 అయితే, 30 గ్రాముల వెన్న 200 దాటిస్తుంది. జీడిపప్పు పేస్టు, కొబ్బరిపాలు పోసిన గ్రేవీ అయితే ఇంకా చెప్పనక్కర్లేదు.

పులుసు నాకు ఇష్టమని చెప్పడం కాదు గానీ, బరువు చూసుకునేవాళ్లకు హోటల్లో అంతకంటే మంచి కూర లేదు. చింతపండు రసం పల్చగా ఉంటుంది, నూనె పైకి తేలిపోతుంది. గిన్నె అంచున గరిటె ముంచి, తేలిన నూనెను పక్కకు నెట్టి ముక్క తీసుకో. ప్లేటులో మిగిలిన నూనె నీ లెక్కలోకి రాదు. ఒక వంజరం ముక్క, కాస్త పులుసు కలిపి 200 వేసుకో. అయితే పులుసుతో పాటు అన్నం లాగుతుంది. వండిన అన్నం 100 గ్రాములకు 130. మారు వడ్డించుకున్నప్పుడల్లా ఒక కప్పుకు 200 చొప్పున పెరుగుతుంది. రొయ్యల బిర్యానీలో కూడా క్యాలరీల్లో ఎక్కువ భాగం నూనె పట్టిన అన్నంలోనే ఉంటుంది. ఒక్కరే ప్లేటంతా తింటే 1000 దగ్గరికి వెళ్లడం సులువు.

చేపే బరువైన సందర్భాలు కొన్ని ఉన్నాయి. వరద నీటికి సముద్రం నుంచి గోదావరికి ఎదురెక్కే పులసలో కొవ్వు ఎక్కువ, 100 గ్రాములకు 250 దాటొచ్చు. దాని రుచంతా ఆ కొవ్వులోనే ఉంది. ఏడాదికోసారి దొరికితే తిను, ఆ రోజు ఫోన్ తియ్యకు.

దేశంలో ఆహార భద్రతను చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 నిబంధనల ప్రకారం పది, అంతకు మించి శాఖలున్న హోటళ్లు, కేంద్ర లైసెన్సు ఉన్నవి మెనూలో క్యాలరీలు వేయాలి. అలాంటిచోట ఆ అంకె ఎంత పరిమాణానికో పక్కనే చూడు. ఒక్కటే శాఖ ఉన్న చేపల హోటల్లో అది ఉండదు. చేపల విలువలు సరిగ్గా కావాలంటే హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన భారతీయ ఆహార పట్టికలున్నాయి. అందులో శక్తిని కిలోజౌళ్లలో ఇచ్చారు, 4.2తో భాగించి చదువుకో, లేకపోతే హడలిపోతావు.

ఎంత జాగ్రత్తగా చేసినా ఈ అంచనా ఐదో వంతు అటూ ఇటూ పోతుంది. అందుకని 50ల్లో రాసుకో. 225ను 250 అనుకుంటే వచ్చే నష్టమేమీ లేదు. 237 అని రాసుకుంటే మాత్రం లేని నమ్మకం పెట్టుకున్నట్టే. వారం మొత్తం మీద బరువు ఎటు పోతోందో చూసుకుంటే నీ అంచనా ఎక్కువో తక్కువో తెలిసిపోతుంది.

అసలు ఈ ఉత్తరం ఇంత పొడుగు రాయడానికి కారణం ఇంకోటి. రాత్రి ఆఫీసువాళ్లతో బయట తినాల్సి ఉందని మధ్యాహ్నం అన్నం మానేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. అలా మానకమ్మా. కడుపు కాలుతూ వెళ్లినవాళ్ల చెయ్యి ముందు వేపుళ్ల మీదికే పోతుంది, మూడో వంతు వాటా కాస్తా సగమవుతుంది. మొన్న కళ్లు తిరిగాయన్నావట, ముందు దాన్ని డాక్టరుకు చూపించు. వచ్చే శుక్రవారం విందుకు మధ్యాహ్నం పప్పన్నం, పెరుగన్నం తినే వెళ్లు.

నీ మేనత్త