గేటు పెట్టారు, గబ్బిలాలు వెళ్ళిపోయాయి

అమెరికాలో అలబామా రాష్ట్రంలోని హంట్స్‌విల్ పేరు వినే ఉంటారు, నాసా రాకెట్ల ఊరు. ఆ ఊళ్ళోనే, జనం ఉండే చోటే, షెల్టా అనే గుహ ఉంది. లోపల నీటి మడుగులు. ఆ మడుగుల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా కనబడని ఒక క్రేఫిష్ ఉంది: ఆర్కోనెక్టిస్ షెల్టే.

క్రేఫిష్ అంటే రొయ్యలాంటి ఒళ్ళు, పీతలాంటి డెక్కలు ఉన్న మంచినీటి జీవి. ఇది మరీ చిన్నది. తల నుంచి వీపు దాకా ఉండే పెంకు అంగుళంలోపే. పూర్తి చీకట్లో రంగుతో పనేముంది, చూపుతో పనేముంది? ఒళ్ళు పాలిపోయి అవతలివైపు కనబడేలా ఉంటుంది, కళ్ళు పేరుకే. మీసాలతో తడుముకుంటూ బతికేస్తుంది.

మరి తిండి? ఎండ లేదు కాబట్టి మొక్కలు లేవు. అంతా బయటి నుంచే రావాలి. వాన నీటితో కొట్టుకొచ్చే ఆకులూ పుల్లలూ కొంత. షెల్టాలో పెద్ద సప్లై మాత్రం గబ్బిలాలది. అవి రాత్రంతా బయట పురుగులు తిని వచ్చి లోపల రెట్ట వేసేవి. ఆ రెట్ట మీద బ్యాక్టీరియా, ఫంగస్ పెరుగుతాయి. వాటిని చిన్న జీవులు తింటాయి, వాటి మీద క్రేఫిష్ బతుకుతుంది.

1967లో నేషనల్ స్పెలియోలాజికల్ సొసైటీ ఈ గుహని కొన్నది, కాపాడదామనే. ఎవరుపడితే వాళ్ళు దిగకుండా గేటు పెట్టారు. ఆ గేటు గబ్బిలాలకి కుదరలేదు. కొన్నేళ్ళలో గుహ వదిలేశాయి. తర్వాత వాటికి వీలుగా గేటు మార్చినా తిరిగి రాలేదు. తప్పంతా గేటుదే అనలేం లెండి, పైన ఊరు పెరిగి భూగర్భ జలాల్లోకి పురుగుమందులూ చేరాయి. కానీ నాకు మాత్రం గేటే గుర్తుండిపోయింది. ఒక బగ్ సరిచేయబోయి ఇంకో మాడ్యూల్‌ని పడగొట్టడం మనకి అలవాటే. మనం పాత వెర్షన్‌కి వెళ్ళిపోతాం, వాళ్ళకి ఆ వీలు లేదు.

1963 నుంచి 1975 వరకు కనబడినవి 115. తర్వాత 1988లో ఒక్కటి. శాస్త్రవేత్తలు దీనికి పేరు పెట్టింది 1997లో, అంటే నామకరణం నాటికే తొమ్మిదేళ్ళుగా అయిపు లేదు! అంతరించిపోయిందేమో అనుకున్నారు. 2019లో మాథ్యూ నీమిల్లర్ బృందానికి ఒక ఆడది దొరికింది, 2020లో ఒక మగది. అదే గుహలో ఇంకో రెండు జాతుల గుడ్డి క్రేఫిష్‌లు కూడా ఉంటాయి కాబట్టి డీఎన్ఏ కూడా పరీక్షించారు. అదే ఇది.

1975 తర్వాత నుంచి 2022లో వాళ్ళ పేపర్ వచ్చేదాకా మొత్తం లెక్క మూడు.